ఫోనును అంటే మనల్ని అన్నట్టేనా?

(జాతీయ వినియోగదారుల దినోత్సవం సందర్భంగా విజయవాడలో డిగ్రీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగానికి రాతరూపం. చివరి భాగం సభికులు చీటీల మీద రాసి పంపిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. 1986లో ఇదే డిసెంబరు 24న మొదటి వినియోగదారుల రక్షణ చట్టానికి రాష్ట్రపతి ఆమోదం లభించిన సంగతి నాకు ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు కాబట్టి ఆ చరిత్ర జోలికి నేను వెళ్ళను. ఇటువంటి సభల్లో సాధారణంగా తూకంలో మోసం, గడువు తీరిన సరుకు, అబద్ధపు ప్రకటనలు, అంటే అమ్మేవాడు కొనేవాడికి చేసే అన్యాయం గురించి మాట్లాడుకుంటాం. కొనేవాడు తనంతట తానే అమ్మేవాడి పక్షాన నిలబడి, తనలాంటి మరో కొనుగోలుదారుతో గొడవకు దిగే వింత స్థితి గురించి ఈ రోజు మాట్లాడాలనుకుంటున్నాను. ఒక ఫోను కంపెనీని ఎవరో విమర్శిస్తే, ఆ కంపెనీలో వాటా గానీ ఉద్యోగం గానీ లేని మనిషి, పైగా దానికి తన జేబులోంచి డబ్బు కట్టిన మనిషి, తననే తిట్టినట్టు ఎందుకు ఉడుక్కుంటాడు?

1997 ఆగస్టులో అమెరికాలోని బోస్టన్ నగరంలో యాపిల్ కంపెనీ తయారు చేసే మాకింటోష్ కంప్యూటర్ వాడేవారి పెద్ద సభ జరిగింది. అప్పటికి యాపిల్ కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, ఎంతకాలం నిలబడుతుందో తెలియని దశలో ఉంది. కొద్ది నెలల కిందటే కంపెనీకి తిరిగి వచ్చిన స్టీవ్ జాబ్స్ వేదిక మీదికి వచ్చి, పోటీ కంపెనీ మైక్రోసాఫ్ట్ తమ కంపెనీలో 15 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడుతున్నదనీ, మాకింటోష్ కోసం ఆఫీస్ సాఫ్ట్‌వేరును మరో 5 ఏళ్ళు తయారు చేస్తుందనీ ప్రకటించారు. ఉపగ్రహ ప్రసారం ద్వారా బిల్ గేట్స్ ముఖం వెనకనున్న పెద్ద తెర మీద కనిపించేసరికి సభలో చాలామంది గోల చేసి ఎగతాళిగా అరిచారు. ఆ అరిచినవారు ఎవరో ఆలోచించండి. వారు కొనుగోలుదారులు. వారి బల్ల మీదున్న కంప్యూటర్‌కు రేపు విడిభాగాలు దొరకాలన్నా, కొత్త సాఫ్ట్‌వేరు రావాలన్నా ఆ కంపెనీ బతకాలి. బతికించే సాయం వస్తున్నదని చెప్తుంటే వారికి అవమానంగా తోచింది. యాపిల్ గెలవాలంటే మైక్రోసాఫ్ట్ ఓడాలన్న ఆలోచన వదులుకోవాలని జాబ్స్ ఆ సభలోనే వారికి నచ్చజెప్పవలసి వచ్చింది. ఆ పగను 13 ఏళ్ళ ముందు పెంచి పోషించినవారిలో ఆయనా ఒకరు. 1984 జనవరిలో మాకింటోష్ విడుదలకు రెండు రోజుల ముందు టీవీలో వచ్చిన ప్రకటనలో, పెద్ద తెర మీద నుంచి జనాన్ని శాసిస్తున్న ఒక ముఖం మీదికి ఒక యువతి సుత్తి విసురుతుంది. అప్పట్లో ఆ ముఖం ఐబీఎం కంపెనీకి గుర్తు. శత్రువు పేరు మారినా కొనేవారి మనసులో నాటుకున్న భావం మారలేదు.

ఇక్కడ ఒక తేడా స్పష్టంగా చూడాలి. ఒకే బ్రాండును పదే పదే కొనేవారందరినీ మా వాణిజ్యశాస్త్ర పాఠాలు చాలాసార్లు ఒకే గాటన కట్టేస్తాయి. అది సరికాదు. మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో బోరు మోటారు కొనే రైతు ఫలానా కంపెనీదే కావాలని పట్టుబడితే, కారణం అడిగి చూడండి. మోటారు కాలిపోతే వైండింగ్ చేసే మనిషి పక్క ఊళ్ళోనే ఉన్నాడనీ, సామాను పూటలో దొరుకుతుందనీ, మిరప తోట ఎండే రోజుల్లో వారం ఆగడం తన వల్ల కాదనీ చెప్తాడు. ఆ మెకానిక్ దుకాణం ఎత్తేసిన మరునాడు అతడు ఇంకో కంపెనీకి మారతాడు, మారినందుకు బాధపడడు. అది మొదటి రకం, లెక్క తెలిసిన నమ్మకం.

రెండవ రకానికి ఈ విజయవాడే సాక్ష్యం. తెలుగు పుస్తకాల ప్రచురణకు దశాబ్దాలుగా కేంద్రమైన ఊరు ఇది. అచ్చుపని కంప్యూటర్ల మీదికి మారాక పేజీలు కూర్చే ఇక్కడి డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేరు, దానికి తోడుగా అనూ ఫాంట్లు తిష్ఠ వేశాయి. ఏ కంప్యూటర్లోనైనా అక్షరాలు చెడకుండా కనిపించేందుకు పెట్టుకున్న యూనికోడ్ ప్రమాణంలో తెలుగు 1991లోనే చేరింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు ఫాంటు కంపెనీయే ఇచ్చింది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ వచ్చింది కూడా 2001లోనే. తయారు చేసినవాడే వదిలేసిన ఆ సాఫ్ట్‌వేరును మన ఆపరేటర్లలో చాలామంది ఆ తరవాత ఏళ్ళ తరబడి వదల్లేదు. దూరం నుంచి చూసేవారికి ఇది గొప్ప బ్రాండు విధేయతగా కనిపించవచ్చు. దగ్గరికి వెళ్ళి చూస్తే సంగతి వేరు. ఆపరేటర్ వేళ్ళకు ఒక కీబోర్డు వరస అలవాటైంది. ఒత్తులు, గుణింతాలు చూడకుండానే పడతాయి. (ఆ వరసల్లో ఒకదాని పేరు యాపిల్. జీవితంలో యాపిల్ కంప్యూటర్ ముట్టుకోనివారు కూడా ‘నాది యాపిల్ కీబోర్డండీ’ అని చెప్పడం మనం వింటూనే ఉంటాం.) అతని దగ్గరున్న పాత పుస్తకాల ఫైళ్ళన్నీ ఆ ఫాంట్లలోనే ఉన్నాయి. ఫాంటు మారిస్తే అక్షరాలు అర్థంలేని గుర్తులై పోతాయి. ప్రెస్సువారు ఆ ఫైలే అడుగుతారు, ప్రూఫులు దిద్దేవారు ఆ ప్రింటే అడుగుతారు. ఫైలు తెరవగానే సిస్టం ఆగిపోతే అతడు ఆ సాఫ్ట్‌వేరును నోటికొచ్చినట్టు తిట్టుకుంటాడు. అతడు అభిమాని కాడు, బందీ.

మూడవ రకం మమకారం. మనకు ఈ రోజు పని దానితోనే. మొదటి రెండింటికీ బయట కారణాలున్నాయి, మూడవదానికి కారణం కొన్నవాడి లోపలే ఉంది. అది ఎలా పుడుతుందో తెలుసుకోవాలంటే బీసెంట్ రోడ్డులోనో గవర్నర్‌పేటలోనో పాత ఫోన్లు తీసుకునే షాపు కౌంటరు పక్కన ఒక సాయంత్రం నిలబడండి. ఎక్స్ఛేంజికి వచ్చిన పెద్దమనిషి ముందుగా ఫోనును పౌచ్‌లోంచి తీసి చేతిరుమాలుతో తుడుస్తాడు. క్యారీ బ్యాగులోంచి డబ్బా, బిల్లు, ఎప్పుడూ చెవిలో పెట్టుకోని ఇయర్‌ఫోన్లు వరసగా కౌంటరు మీద పెడతాడు. షాపతను డబ్బా వంక చూడడు. తెల్లటి తెర పెట్టి డిస్‌ప్లే మీద మచ్చలున్నాయేమో చూస్తాడు, చార్జింగ్ పిన్ను దగ్గర గోరుతో గీకుతాడు, కెమెరా తెరిచి గోడ వైపు పట్టి మూస్తాడు. ‘6 వేలు వస్తుందండీ’ అంటాడు. ‘స్క్రీన్ మీద గీత కూడా లేదు బాబూ, కొన్న రోజు నుంచీ గ్లాసు వేసే వాడాను’ అంటాడీయన. ‘అందుకే 6 అన్నానండీ, లేకపోతే 4 చెప్పేవాణ్ణి’ అని షాపతను తరవాతి మనిషి వైపు తిరుగుతాడు. ఈయన ముఖం చిన్నబోతుంది. ఆ క్షణంలో ఆయనను బాధపెట్టింది డబ్బు ఒక్కటే అనుకోలేం. మనవరాలి అన్నప్రాశన ఫొటోలు తీసిన ఫోను అది, కరోనా రోజుల్లో అన్నదమ్ములను చూపించిన తెర అది. షాపతను చూసింది ఏ నెల మోడల్, ఎంత స్టోరేజీ అన్నది మాత్రమే.

డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో దీని లెక్క తేలింది. తరగతిలో సగంమంది విద్యార్థులకు కాఫీ కప్పులు ఉచితంగా ఇచ్చి, ఎంతకు అమ్ముతారో అడిగారు. కప్పు రానివారిని ఎంతకు కొంటారో అడిగారు. కొద్ది నిమిషాల కిందట చేతికొచ్చిన కప్పుకు అమ్మేవారు అడిగిన ధర, కొనేవారు ఇస్తామన్నదానికి సుమారు రెట్టింపు ఉంది. నిమిషాల వయసున్న కప్పుకే అంత విలువ కడితే, మూడేళ్ళపాటు దిండు పక్కన పెట్టుకుని పడుకున్న ఫోనుకు ఎంత కడతామో ఊహించుకోవచ్చు. రస్సెల్ బెల్క్ అనే ఆచార్యుడు 1988లోనే మనుషులు తమ వస్తువులను తమలో ఒక భాగంగా చూసుకుంటారని వాదించాడు. అప్పటికి సెల్‌ఫోన్ జనం చేతుల్లోకి రాలేదు. వచ్చాక ఆయన మాట మరింత నిజమైంది.

దీనికి ఇంకో పొర ఉంది. ఖరీదైన వస్తువు కొన్నాక, ముఖ్యంగా వాయిదాల మీద కొన్నాక, తప్పు చేశామేమోనన్న అనుమానం మనసును తొలుస్తుంది. 1957లో లియోన్ ఫెస్టింజర్ అనే మనస్తత్వశాస్త్రవేత్త, ఒకదానికొకటి పొసగని రెండు ఆలోచనలను మనిషి ఎక్కువకాలం మోయలేడనీ, ఏదో ఒకదాన్ని సర్దుకుంటాడనీ చెప్పాడు. అదే ఏడాది వచ్చిన మరో పరిశీలనలో, కొత్తగా కారు కొన్నవారు తాము కొన్న కారు ప్రకటనలనే ఎక్కువగా చదువుతున్నట్టు తేలింది. కొనక ముందు చదివితే అర్థముంది. కొన్నాక ఎందుకు చదవాలి? తమ నిర్ణయం సరైనదేనని ఎవరో ఒకరు చెప్తే వినాలని. ఇప్పుడు ఫోను కొన్న వారం రోజులకు యూట్యూబులో అదే ఫోను రివ్యూలు వరసబెట్టి చూసే కుర్రవాడు చేస్తున్నదీ అదే. వాటిలో ఒక రివ్యూ కెమెరా బాగాలేదని చెప్పిందనుకోండి, కింద కామెంట్లలో ఆ చెప్పినవాడి పని పడతాడు.

ఇంతవరకూ ఒక్క మనిషి సంగతి. మనుషులు జట్టుగా మారినప్పుడు వ్యవహారం ముదురుతుంది. హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వశాస్త్రవేత్త 1970 ప్రాంతంలో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో చదువుకునే 14, 15 ఏళ్ళ అబ్బాయిలకు కొన్ని చిత్రాలు చూపించి, మీకు పాల్ క్లే అనే చిత్రకారుడి బొమ్మలు నచ్చాయి, మీకు కాండిన్‌స్కీ అనే చిత్రకారుడి బొమ్మలు నచ్చాయి అని చెప్పి రెండు జట్లు చేశాడు. నిజానికి ఆ విభజన ఎటుపడితే అటు చేసింది. ఎవరు ఏ జట్టో ఒకరికొకరికి తెలియదు, జట్టుగా చేసే పని కూడా ఏమీ లేదు. అయినా డబ్బు పంచమంటే తమ జట్టుకు ఎక్కువ ఇచ్చారు. అసలు విశేషం తరవాతిది. రెండు జట్లకూ ఎక్కువ వచ్చే దారి ఉన్నా, తమవారికి కొంచెం తగ్గినా సరే, అవతలివారికి మరింత తక్కువ దక్కే దారినే చాలామంది ఇష్టపడ్డారు. బోస్టన్ సభలోని అరుపులకు ఇంతకంటే మంచి వివరణ నాకు దొరకలేదు.

ఈ ఊళ్ళో అభిమానం అన్న మాట ఎత్తగానే గాంధీనగర్ సినిమా హాళ్ళు గుర్తొస్తాయని నాకు తెలుసు. బెనిఫిట్ షోలు, కటౌట్లు, పాలాభిషేకాలు, అవతలి హీరో పోస్టరు మీద పేడ కొట్టడాలు చూస్తూ పెరిగినవాళ్ళం కాబట్టి, ఫోను కంపెనీల అభిమానం కూడా అదే తంతు అని తేల్చేస్తాం. పోలిక కొంతదూరం నడుస్తుంది. టికెట్ కొన్న అభిమాని 3 గంటల తరవాత బయటికి వస్తాడు, మర్నాడు అవతలి హీరో సినిమాకు వెళ్ళినా అతని దగ్గరున్నది ఏదీ పోదు. ఫోను అభిమాని మారదామనుకున్న రోజున పదేళ్ళ ఫొటోలు, డబ్బు పెట్టి కొన్న యాప్‌లు, జతచేసిన వాచీ, కుటుంబ సభ్యులతో కలిపి కట్టుకున్న స్టోరేజీ చందా, అన్నీ అడ్డం వస్తాయి. అంటే మమకారం వెనక డీటీపీ ఆపరేటర్ బంధనం కూడా దాగి ఉంటుంది. ఆ బంధనాన్ని ఒప్పుకోవడం మనకు చిన్నతనం కాబట్టి, ప్రేమ అని పేరు పెట్టుకోవడం సుఖంగా ఉంటుంది.

కంపెనీలకు ఇదంతా తెలియదనుకోకండి. 1980ల్లోనే యాపిల్‌లో గై కవాసాకీ అనే ఆయన మతప్రచారకుడు అనే అర్థం వచ్చే హోదాతో ఉద్యోగం చేశాడు. 2014 జూలైలో షావోమీ మన దేశంలో ఎంఐ 3 ఫోనుతో అడుగుపెట్టినప్పుడు సినిమా తారలతో ప్రకటనలు ఇవ్వలేదు. ఆన్‌లైనులో కొద్ది ఫోన్లు పెట్టి క్షణాల్లో అయిపోయేలా అమ్మింది, దొరికినవారిని ఎంఐ ఫ్యాన్స్ అని పిలిచింది. మరుసటి ఏడాది ఆగస్టులో మన రాష్ట్రంలోని శ్రీసిటీలో తయారైన ఫోనును విశాఖపట్నంలో విడుదల చేసింది. 2017 చివరికి ఈ దేశంలో ఎక్కువ ఫోన్లు అమ్మే స్థానానికి చేరింది. వన్‌ప్లస్ 2014లో మరో అడుగు ముందుకు వేసి, ఆహ్వానం ఉన్నవారికే ఫోను అమ్మింది. డబ్బు చేతిలో పట్టుకుని, నాకు అమ్మండి మహాప్రభో అని కొనేవాడు బతిమాలుకునే ఏర్పాటు అది. నా మటుకు నాకు వ్యాపారంలో ఇంత తెలివైన ఎత్తు ఇంకోటి కనపడలేదు. బతిమాలి తెచ్చుకున్నదాన్ని ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు.

అభిమానులు కంపెనీకి జీతం లేని పని కూడా చేస్తారు. పరీక్ష దశలో ఉన్న సాఫ్ట్‌వేరును తమ ఫోన్లలో వేసుకుని లోపాలు పట్టి రాస్తారు, కొత్తగా కొన్నవారి సందేహాలు తీరుస్తారు. 2001లో మ్యునిజ్, ఓగిన్ అనే ఇద్దరు పరిశోధకులు మాకింటోష్‌తో పాటు రెండు కార్ల బ్రాండ్ల చుట్టూ ఏర్పడిన సముదాయాలను పరిశీలించి, వాటిలో తోటివారి పట్ల నైతిక బాధ్యత కూడా ఉంటుందని గుర్తించారు. ఇది నిజంగా మంచి గుణం. చార్జింగ్ ఎక్కని ఫోనుకు సర్వీస్ సెంటరువారు మదర్‌బోర్డు మార్చాలని వేలు చెప్తే, పిన్నులో ఇరుక్కున్న దుమ్ము తీసి చూడండని చెప్పి ఆ వేలు మిగిల్చేది ముక్కూముఖం తెలియని తోటి అభిమానే.

మరి చిక్కు ఎక్కడ ఉంది? వస్తువు చెడిపోయినప్పుడు ఉంది. 1970లో ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త ఈ విషయాన్ని చక్కగా విప్పి చూపాడు. సంస్థ పనితీరు దిగజారితే వినియోగదారు ముందు రెండు దారులున్నాయి. వదిలి వెళ్ళిపోవచ్చు, లేదా ఉండి నోరు విప్పి అడగవచ్చు. నైజీరియాలో రైళ్ళ వ్యవస్థను గమనించినప్పుడు ఆయనకు ఒక విచిత్రం కనిపించింది. లారీల పోటీ వచ్చాక రైల్వే బాగుపడకపోగా అలాగే ఉండిపోయింది. ఎందుకంటే, సరుకు ఆలస్యమైతే గట్టిగా అడగగలిగినవారే ముందుగా లారీలకు మారిపోయారు, అడిగేవారు లేని రైల్వేకు బాగుపడవలసిన అవసరం తగ్గింది. అభిమానం ఇక్కడ పనికొస్తుందన్నది ఆయన మాట. అభిమానమున్నవాడు వెంటనే లేచిపోడు, ఉండి పోట్లాడి బాగుచేయిస్తాడు. కాబట్టి అభిమానాన్ని నేను తప్పుపట్టడం లేదు. నేను తప్పుపట్టేది ఆ అభిమానం పోట్లాటను కంపెనీ వైపు కాకుండా, నోరు విప్పిన తోటి కొనుగోలుదారు వైపు తిప్పడాన్ని.

2017 సంగతి చూడండి. పాత ఐఫోన్ నెమ్మదిస్తున్నదని ఎవరైనా అంటే, అది నీ భ్రమ, కొత్త ఫోను మీద మనసు పడి పాతదాన్ని తిడుతున్నావు అని తోటివారే చాలాకాలం కొట్టిపారేశారు. చివరికి వాడేవారే వేగం కొలిచి, బ్యాటరీ మార్చగానే వేగం తిరిగి వస్తున్నదని లెక్కలతో చూపించారు. పాతబడిన బ్యాటరీ ఉన్న ఫోన్లు హఠాత్తుగా ఆగిపోకుండా వేగం తగ్గించే ఏర్పాటు పెట్టినట్టు ఆ డిసెంబరులో యాపిల్ ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29 డాలర్లకు తగ్గించింది. ఆ తగ్గింపు నోరు విప్పినవారికి మాత్రమే కాదు, వారిని వెక్కిరించినవారికీ దక్కింది.

రెండు నెలలకే, 2018 ఫిబ్రవరిలో, మన భాష ఆ కంపెనీ తలనొప్పిగా మారింది. ‘జ్ఞా’ అన్న అక్షరం, కచ్చితంగా చెప్పాలంటే జకారం, దాని కింద ఞకారం, ఆపైన కంటికి కనిపించని ఒక విభజన సంకేతం, చివర దీర్ఘం, ఈ వరసలో సందేశంలో వస్తే దాన్ని తెర మీద గీయబోయిన యాప్ కుప్పకూలేది. నోటిఫికేషన్‌లో వస్తే ఏకంగా ఫోనే మొరాయించేది. ఆ నెల 19న ఐఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేరు ఐఓఎస్‌లో 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిచేశారు. తెలుగు అక్షరం ఐఫోన్‌ను కూల్చిందని ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. కూల్చింది అక్షరం కాదు, దాన్ని కూర్చే సాఫ్ట్‌వేరులోని లోపం. కొన్ని కోట్లమంది రాసుకునే లిపిలో ఒక సంయుక్తాక్షరాన్ని సరిగ్గా పరీక్షించకుండా అంత ఖరీదైన ఫోనును మార్కెట్లోకి ఎలా పంపారని మనం నిలదీయవలసిన సందర్భం అది. నాకు తెలిసిన తెలుగు ఐఫోన్ యజమానులు మాత్రం ‘చూశారా, మన అక్షరం పవర్’ అని వాట్సాప్‌లో నవ్వుకుని ఊరుకున్నారు. నవ్వుకోవడంలో తప్పులేదు గానీ, ఆ నవ్వులో ఫిర్యాదు కొట్టుకుపోయింది.

ఇక అవతలి వైపు చూద్దాం. మన మమకారానికి బదులు కంపెనీకి మన మీద ఏముంటుంది? వెబ్‌సైట్లలోని కొత్త రాతలను ఒకేచోట చదివించే గూగుల్ రీడర్‌ను 2013 జూలైలో ఆపేశారు. స్నేహితులు కలుసుకునే ఆర్కుట్ సైటును 2014 సెప్టెంబరు 30న మూసేశారు. మీ అన్నయ్యలూ అక్కయ్యలూ కాలేజీ రోజుల్లో అందులో రాసుకున్న స్క్రాపులను గుర్తుచేసుకుంటూ ఉంటారు. బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు 2022 జనవరి 4న సేవలు నిలిచిపోయాయి. వీటన్నిటి కంటే మన ఇళ్ళకు దగ్గరైనది నోకియా. 2003లో వచ్చిన నోకియా 1100 ప్రపంచమంతటా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. దుమ్ము దూరని బటన్లు, తడిచేతిలో జారని వెనక భాగం, అన్నిటికీ మించి తలకట్టున టార్చిలైటు. అర్ధరాత్రి త్రీఫేజ్ కరెంటు వచ్చినప్పుడు గట్ల మీద నడిచివెళ్ళి మోటారు వేసే రైతుకు ఆ లైటు ఎంత పనికొచ్చిందో నేను చెప్పనక్కర్లేదు. ఆ కంపెనీ 2006లో మన పొరుగున తమిళనాడులోని శ్రీపెరంబుదూరులో ఫ్యాక్టరీ పెట్టింది. 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్ళింది, ఆ ఏడాదే ఫ్యాక్టరీ మూతబడింది. 2017లో హెచ్‌ఎండీ అనే వేరే కంపెనీ లైసెన్సు తీసుకుని నోకియా పేరుతో 3310ను మళ్ళీ దింపితే, జనం పాత స్నేహితుడు తిరిగొచ్చాడన్నంత సంబరపడ్డారు. చేసినవారు వేరు, ఫ్యాక్టరీ వేరు, లోపలి సామాను వేరు. పేరు మాత్రం పాతది. ఆ పేరులో మన జ్ఞాపకాలున్నాయి గనుక దానికి ధర ఉంది, ఆ ధర రాబట్టుకున్నది మాత్రం లైసెన్సు ఇచ్చినవారూ తీసుకున్నవారూ.

ఒక పరీక్ష పెట్టి చూస్తే మమకారం ఎంత, బంధనం ఎంత అన్నది తేలుతుంది. దాటడం సులువు చేసి చూడాలి. 2011 జనవరి 20న దేశమంతటా మొబైల్ నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. అంతకు ముందు నెట్‌వర్కు మారాలంటే నంబరు వదులుకోవాలి. బంధువులు, బ్యాంకు, ఆఫీసు, అందరికీ మళ్ళీ చెప్పుకోవాలి. నంబరు మనతోనే వస్తుందన్నాక, పదేళ్ళ విధేయత అనుకున్నది నంబరు మీది విధేయత అని తెలిసిపోయింది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చినప్పుడు జనం సిమ్‌ల కోసం క్యూలు కట్టారు. పాత నెట్‌వర్కు గుర్తొచ్చి కన్నీళ్ళు పెట్టుకున్నవారిని నేనైతే చూడలేదు.

యూపీఐ ఇంకా మంచి ఉదాహరణ. అదీ 2016లోనే వచ్చింది. మీరు ఏ యాప్ నుంచి పంపినా బందరు రోడ్డు మీద పునుగుల బండి దగ్గర అతికించిన ఏ కంపెనీ క్యూఆర్ కోడుకైనా డబ్బు చేరుతుంది. ఈ యాప్ గొప్పా ఆ యాప్ గొప్పా అని మీ హాస్టల్లో ఎవరైనా చొక్కాలు పట్టుకున్నారా? లేదు, ఒకటి ఆగితే ఇంకోటి తెరుస్తారు. అదే అమెరికాలో ఐఫోన్ నుంచి మరో ఐఫోన్‌కు పంపే సందేశాలు నీలం రంగులో, ఇతర ఫోన్లకు పంపేవి ఆకుపచ్చ రంగులో కనిపించడం పిల్లల స్నేహాల్లో చిచ్చు పెట్టేదాకా వెళ్ళింది. ఆ రంగు వెనక ఫొటోలు నాణ్యత తగ్గి రావడం, గ్రూపులు సరిగ్గా నడవకపోవడం ఉన్నాయి. 2024లో యాపిల్ ఆర్‌సీఎస్ అనే ఉమ్మడి పద్ధతిని చేర్చాక ఆ ఇబ్బందులు చాలావరకు తగ్గాయి. మనకు అందరూ వాట్సాప్‌లోనే ఉండటం వల్ల ఆ రంగుల గొడవ ఇక్కడ తలెత్తలేదు. చార్జర్ల విషయంలోనూ ఇదే జరిగింది. ఐరోపా సమాఖ్య ఒకే రకం చార్జింగ్ పోర్టు ఉండాలని చట్టం చేస్తే, 2023లో ఐఫోన్ 15 టైప్-సీతో వచ్చింది. ఇప్పుడు మీ గదిలో ఐఫోన్ వాడేవాడు పక్క మంచం వాడి చార్జర్ అడుగుతాడు. తలుపులు తెరిచి ఉన్నచోట కూడా ఉండిపోయే అభిమానానికే నా దృష్టిలో విలువ ఉంది. తలుపులు మూసేసి ‘మా వినియోగదారులు మమ్మల్ని ఎంత ప్రేమిస్తున్నారో చూడండి’ అనే కంపెనీ మాట మీద నాకు గౌరవం లేదు.

చివరగా పనికొచ్చే సంగతి రెండు ముక్కల్లో. మీకు ఇష్టమైన కంపెనీ వస్తువు వారంటీలో చెడిపోయి, సర్వీస్ సెంటరు తిప్పుతున్నదనుకోండి. కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి, రిపేరుకు ఇచ్చినప్పుడు సర్వీస్ సెంటరు రాసిచ్చే జాబ్ షీటు తీసి పెట్టుకోండి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ పలుకుతుంది. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువు ఎక్కడ కొన్నా, మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. ఆన్‌లైనులో ఎక్కడి అమ్మకందారు నుంచో కొన్న ఫోనుకు గుంటూరులో ఉన్నవారు గుంటూరులోనే న్యాయం అడగవచ్చన్నమాట.

ప్రశ్నల చీటీల్లోంచి రెండు తీసుకుంటాను.

మొదటిది. “సార్, నేను వాడే కంపెనీ ఫోను నిజంగానే బాగుంటుంది. బాగున్నదాన్ని బాగుందనడం కూడా తప్పేనా?” తప్పు కాదమ్మా. బాగుందని పదిమందికీ చెప్పు. కాకపోతే మీ హాస్టల్లో ఇంకో అమ్మాయి ‘నాది మూడు నెలలకే డిస్‌ప్లే మీద గీత వచ్చింది’ అంటే, నువ్వు సరిగ్గా వాడలేదేమో అనకుండా, బిల్లు ఉందా, వారంటీ ఎప్పటిదాకా అని అడుగు. రేపు అదే గీత నీ ఫోను మీద వస్తే ముందుగా ఆ అమ్మాయి గెలిచిన కేసు నీకు ఉపయోగపడుతుంది.

రెండవది. “మా నాన్నగారు పాత కీప్యాడ్ ఫోను వదలనంటున్నారు. కొత్త స్మార్ట్‌ఫోన్ కొనిస్తే బీరువాలో పెట్టి తాళం వేశారు. ఎలా ఒప్పించాలి?” ఒప్పించడం ఎందుకు? ఆయన చేసేది వేళ్ళకు తెలిసిన పని. చూడకుండా నంబరు నొక్కగలరు, చార్జింగు రోజుల తరబడి ఉంటుంది, కింద పడినా గుండె ఆగదు. మొదటి రకం లెక్కే అది, రైతు మోటారు లెక్క. డబ్బు పంపడానికి ఇబ్బంది అంటారా, కీప్యాడ్ ఫోన్ల కోసం యూపీఐ 123పే అనే పద్ధతిని రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ప్రారంభించింది, అది నేర్పించండి. ఇక బీరువాలో ఉన్న ఫోను సంగతి. కొన్న తేదీ నుంచే వారంటీ కరిగిపోతూ ఉంటుంది, చార్జింగు పూర్తిగా అడుగంటి నెలల తరబడి పడి ఉంటే బ్యాటరీ కూడా దెబ్బతింటుంది. తాళం చెవి అడిగి తీసుకుని ఈ వారమే మీరు వాడుకోవడం మొదలుపెట్టండి. నాన్నగారు కాదనరు.